దోనెలో వైఫై డబ్బా

"కదలకమ్మాయ్. కదిలావంటే డబ్బాతో పాటు నువ్వూ నీళ్ళలో ఉంటావు" అంది అత్త, గెడ వేస్తూ.

నేను ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నాను. తాటి దోనెలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో తువ్వాలు చుట్టిన వైఫై డబ్బా. అప్పుడే నీళ్ళు పోసిన పసిపిల్లని పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులతో పొదువుకున్నాను. పొద్దుటి నుంచీ ముసురు. సన్నటి జల్లు పడి ఆగుతోంది, ఆగి పడుతోంది. గుర్రపుడెక్క దోనె పక్కలకి రాసుకుంటూ పోతోంది. దూరంగా రోడ్డు పక్కన మా ఆఫీసు రేకుల షెడ్డు కనిపిస్తూనే ఉంది గానీ, అత్త ఎంత గెడ వేసినా దగ్గరకి రానంటోంది. చీకటి పడేలోగా ఈ డబ్బాని అక్కడికి తీసుకెళ్ళి, బాగుచేసి, మళ్ళీ ఇదే దారిన తెచ్చి చెరువు గట్టు మీద స్తంభానికి బిగించాలి. లేకపోతే తెల్లవారుజామున అత్త వాళ్ళ చెరువులో చేపలకి ఊపిరాడదు. ఆడట్లేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

అదంతా అప్పటి మాట. ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూస్తున్నాను. ఏసీ గది, తిరిగే కుర్చీ. వైఫై డబ్బాలకి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందంటే అది ఎక్కడినుంచో దానంతటదే దిగుతుంది. తెర మీద ఆకుపచ్చ గీత ఈ చివర నుంచి ఆ చివరకి నిండుతుంటే నేను చూస్తూ కూర్చుంటాను, అంతే పని. పక్క సీట్లో అమ్మాయి, ఏంటక్కా అలా నవ్వుకుంటున్నావు అని అడుగుతుంది. ఏం చెప్పను? ఆ గీత నిండుతున్నప్పుడల్లా నాకు కొల్లేటి బురద వాసన వస్తుందంటే నమ్ముతుందా? ఎండిన చేపా, తడి గడ్డీ, ఇంజను డీజిలూ కలిసిన వాసన. అప్పట్లో చున్నీకి పట్టేస్తే ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. పోతే బాగుండునని విసుక్కునేదాన్ని. ఇప్పుడు కావాలన్నా దొరకదు.

ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. తర్వాత ఏలూరులో హార్డ్‌వేరు, నెట్‌వర్కింగ్ కోర్సు ఒకటి చేశాను. మాది మండవల్లి దగ్గర పల్లె, నాన్న చేపల చెరువుల పనికి వెళ్ళేవాడు. అందుకేనేమో, చెరువు గట్ల మీద వైఫై పెట్టే కంపెనీలో చిన్న ఉద్యోగం దొరికితే, మా ఇంట్లో అందరూ అది చేపల ఉద్యోగమే అనుకున్నారు. ఒకరకంగా నిజమే.

పని ఏమిటంటే, రోడ్డు పక్కన ఆఫీసు షెడ్డులో కంట్రోలర్ అనే పెద్ద పెట్టె ఉండేది. అక్కణ్ణుంచి గట్ల మీద స్తంభాలు, స్తంభానికో వైఫై డబ్బా. వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారు గానీ గట్టు మీద ఆ మాట ఎవరూ అనేవారు కాదు, డబ్బా అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. ఒక డబ్బా పక్క డబ్బాతో, అది దాని పక్కదానితో మాట్లాడుకుంటూ, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు చిట్టచివరి చెరువు దాకా వెళ్ళేవి. ప్రతి చెరువులో ఆక్సిజన్ మీటరు వేలాడుతూ ఉండేది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఆ కబురు డబ్బాల మీదుగా ఆఫీసుకొచ్చి, చెరువు వాళ్ళ ఫోనులో సైరన్ మోగేది. వాళ్ళు లేచి నీళ్ళు చిలికే చక్రాలు తిప్పేవారు. చేపలు బతికేవి.

ఆ డబ్బా లోపల ఉండే బుద్ధిని ఫర్మ్‌వేర్ అంటారు. ఆ బుద్ధి మొత్తం ఒక ఫైలులో ఉంటుంది, దాన్ని ఇమేజ్ అంటారు. అమ్మ ఒకసారి, రోజంతా అక్కడ ఏం చేస్తావే అని అడిగితే చేపపిల్లల్ని పెంచే నర్సరీ చెరువుతో పోల్చి చెప్పాను. డబ్బాలో రెండు అరలుంటాయమ్మా, ఒక అరలో ఉన్న ఇమేజ్ పని చేస్తుంటే రెండో అరలో కొత్త దాన్ని పెంచుతాం, అది పూర్తిగా తయారయ్యాక ఒక్కసారి డబ్బాని ఆపి లేపితే కొత్తది పనిలోకి దిగుతుంది, పాతది పక్కకి తప్పుకుంటుంది, కొత్తదానికి ఏమైనా అయితే పాతది ఎలాగూ ఉంటుంది అన్నాను. అమ్మ అంతా విని, మరి పాతదాన్ని అమ్మరా అంది.

మా సార్‌ది తాడేపల్లిగూడెం అవతల పల్లె, వరి రైతుల కుటుంబం. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. కాలవ నీళ్ళ వంతులు చూసి పెరిగిన మనిషి కదా, ఫర్మ్‌వేర్ విషయంలోనూ అదే లెక్క. కొత్త ఇమేజ్ ఎప్పుడు పంపినా ముందు చిట్టచివరి డబ్బాకి పంపమనేవాడు. ఎగువ వాళ్ళకి ఎలాగైనా అందుతుంది, శివారు పొలం తడిస్తేనే వంతు తీరినట్టు అనేవాడు. అందులో అసలు కారణం కూడా ఉంది. మధ్యలో డబ్బాలు ముందే మారిపోతే చివరిది వేరే బుద్ధితో ఒంటరిగా మిగిలిపోతుంది.

ఆ చివరి చెరువే పెదనాన్నా అత్తా వాళ్ళది. నాకు చుట్టాలేం కారు. కొల్లేటికోట వైపు వాళ్ళు. ఆయన్ని పెదనాన్న అని పిలిచాను కాబట్టి ఆయన చెల్లెలు నాకు అత్త అయింది. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఆవిడ భర్త పోయాక అన్న దగ్గరే ఉండిపోయింది. ఒక రైతుగారి చెరువు లీజుకి తీసుకుని, గట్టు మీద పాకలో కాపురం. పొద్దస్తమానం పోట్లాడుకునేవారు. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెడితే చిన్నప్పుడు ఎవరు ఎవర్ని కాలవలో తోశారన్న దాకా వెళ్ళేవారు. స్తంభం ఎక్కి డబ్బా తుడిచి దిగేసరికి నాకు చేపల ఇగురూ వేడి అన్నమూ సిద్ధంగా ఉండేవి. శీలావతి చేప తలకాయ నాకే వేసేది అత్త. తలకాయ తింటే బుర్ర పెరుగుద్దంట, ఈ అమ్మాయికి బుర్రతోనే కదా పని అనేది. నేను సిగ్గు లేకుండా తినేదాన్ని.

పెదనాన్నకి ఆ మీటరంటే ప్రాణం. మిగతా చెరువుల వాళ్ళు మీటరు పెడుతున్నామంటే, ఎందుకండీ, మేం చూసుకోమా అని మూతి విరిచారు. ఆయన మాత్రం ఆఫీసు చుట్టూ తిరిగి మరీ పెట్టించుకున్నాడు. పెద్దాయనైనా కొత్త వస్తువంటే ఎంత సరదానో అని నేను మురిసిపోయేదాన్ని.

ఆ రోజు పొద్దున్నే కొత్త ఇమేజ్ పంపే పని. పాతదానితో ఎండ ముదిరితే డబ్బాలు బిగుసుకుపోతున్నాయి, అందుకని. చేపలకి గండం తెల్లవారుజామున గానీ పగలు కాదు కాబట్టి పగలే పెట్టుకునేవాళ్ళం. సార్ వట్లూరులో ఒక కాలేజీ పని మీద ఉన్నాడు, షెడ్డులో నేనొక్కదాన్నే. చివరి డబ్బాకి ముందు పంపాను. తర్వాత వరసగా మిగతావాటికి. అన్నిటినీ ఒక్కసారి ఆపి లేపే టైము మాత్రం హెడ్డాఫీసు వాళ్ళు ముందే పెట్టేసి ఉంచారు. నేను ఏ డబ్బాలో ఏ అర నిండిందో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంటే, చివరిదాని రెండో అర ఖాళీగా కనిపించింది. హెడ్డాఫీసుకి ఫోను చేశాను, ఆపండి ఆపండి అని. వాళ్ళు, ఎవరండీ మాట్లాడేది అని అడుగుతుండగానే టైము అయిపోయింది. డబ్బాలన్నీ పడుకుని లేచాయి, కొత్త బుద్ధితో. చివరిది ఒక్కటీ పాత బుద్ధితో లేచి, కొత్త ఇమేజ్ కోసం మధ్య డబ్బాలని అడగడం, ఆ బలహీనమైన దారిలో సగం వచ్చి తెగిపోవడం, మళ్ళీ పడుకుని మళ్ళీ లేవడం. ఇదే వరస. మీటరు మాట ఆఫీసు దాకా రావడమే లేదు.

పరిగెత్తాను. స్కూటీ గట్టు మీద ఎంతవరకు వెళ్తుందో అంతవరకు వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచి, బురదలో చెప్పులు చేతిలో పట్టుకుని పాక చేరాను.

అత్త నన్ను చూడగానే చెప్పేసింది, దాపరికం లేకుండా. "ఎప్పుడూ పచ్చగా ఉండే లైటు ఎర్రగా టపటపా కొట్టుకుంటంటే నా గుండె ఆగినంత పనైందమ్మాయ్. స్విచ్చి కట్టేశాను. నీళ్ళ దగ్గర కరెంటుది ఏదన్నా తేడా చేస్తే ముందు కట్టెయ్యాలా, వద్దా?"

"కట్టెయ్యాలత్తా" అన్నాను.

ఇంకేమంటాను? కొల్లేటి గట్ల మీద పుట్టిన ప్రతి పిల్లకీ నడక కంటే ముందు నేర్పేది అదే. మోటారు వింతగా మూలిగినా, వైరు దగ్గర మెరుపు కనిపించినా, చెయ్యి ముందు స్విచ్చి మీదికి వెళ్ళాలి, ప్రశ్న తర్వాత. వాళ్ళ గేదె ఒకటి చెరువు చక్రాల వైరు తగిలి పోయింది కూడా. కొత్త ఇమేజ్ అరలోకి రాసుకుంటున్నంతసేపు ఆ లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ కట్టేసింది. కాసేపాగి భయం తీరాక మళ్ళీ వేసింది. నేనైనా అదే చేసేదాన్ని, ఈ ఉద్యోగంలో లేకపోతే.

అసలు కష్టం అది కాదు. పొద్దుటి గాలికి ఎక్కడో తీగ తెగి ఆ వైపంతా కరెంటు లేదు. మా డబ్బా సోలారు మీద నడుస్తుంది గానీ చెరువు చక్రాలు నడవవు. ఇంజను ఉంది, అందులో డీజిలు కాస్తే ఉంది. ముసురుకి గట్టు జారుతోంది, డీజిలు బండి మర్నాటి దాకా రాదు. ఉన్నదాన్ని తెల్లవారుజామున, అదీ సరిగ్గా అవసరం పడ్డప్పుడు వాడుకోవాలి. ముందే వేస్తే అసలు సమయానికి ఉండదు, ఆలస్యమైతే చేపలు ఉండవు. ముసురు రోజున నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువే. పట్టుబడికి, అంటే వల వేసి పట్టి అమ్మడానికి వచ్చిన చేప, ఏడాది కష్టమంతా అందులోనే ఉంది.

పెదనాన్న మంచం మీద కూర్చుని తేలిగ్గా తీసిపారేశాడు. "మీటరు లేకపోతే ఏవైందమ్మా? మీటర్లు పుట్టకముందు చెరువులు లేవా? చేప పైకొచ్చి నోరు తెరిస్తే నాకు తెలీదా ఏంటి?"

"ఏవిటి నీకు తెలిసేది అన్నయ్యా" అంది అత్త. "మొన్న గట్టు మీద కొంగని చూసి, రండి బావా, కూకోండి అన్నావు."

నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. తర్వాత చూస్తే ఇద్దరూ నవ్వట్లేదు.

"అమ్మాయి ఎదర ఎందుకే" అన్నాడాయన మెల్లగా.

"ఈవేళ కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాం?" అంది అత్త. "చూపు ఆనట్లేదమ్మాయ్. రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. నాకా, పడుకుంటే మెలకువ రాదు. ఆ సైరనే మా ఇద్దరికీ కన్ను."

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన మీటరు కోసం ఆఫీసు చుట్టూ ఎందుకు తిరిగాడో. నేను దాన్ని సరదా అనుకున్నాను. ఫోను ఎప్పుడూ ముక్కుకి ఆనించి పట్టుకునేవాడు, అదీ అలవాటే అనుకున్నాను.

"రైతుగారికి తెలిస్తే చెరువు నా చేతిలో ఉండదమ్మా" అన్నాడు పెదనాన్న. "చూపు లేనోడికి ఎవడిస్తాడు? ఈ పట్టుబడి అయ్యిందాకా ఎవరికీ చెప్పకు."

గట్టు మీదికి వచ్చి సార్‌కి ఫోను చేశాను. కళ్ళ సంగతి చెప్పలేదు, డబ్బా సంగతే చెప్పాను. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, అన్ని డబ్బాలనీ పాత ఇమేజ్‌కి వెనక్కి తిప్పడం. అప్పుడు చివరిది మళ్ళీ అందరితో కలవచ్చు. కానీ తిప్పేటప్పుడు ఈ ముసురులో ఏ ఒక్కటి మొరాయించినా ఇంకో చెరువు గుడ్డిదవుతుంది. రెండోది, చివరి డబ్బాకి తీగ తగిలించి చేత్తో ఇమేజ్ ఎక్కించడం. దానికి కావాల్సిన కేబులు సార్ బ్యాగులో, వట్లూరులో ఉంది. అయితే డబ్బానే ఆఫీసుకి తెస్తాను సార్, కంట్రోలర్ పక్కనే తీగ పెడితే దారి మధ్యలో తెగే పని ఉండదు కదా అన్నాను. ఎలా తెస్తావు అన్నాడు. ఈ జారుడు గట్టు మీద మోసుకురావడం కంటే దోనే మేలన్నాను.

"నీకు ఈతొచ్చా?"

"కొల్లేటి దాన్నండి."

"డబ్బాకి రాదు కదమ్మా" అన్నాడు. "సరే, జాగ్రత్త. మీ అత్తగారిని గెడ వెయ్యమను, నువ్వు పట్టుకో" అన్నాడు. మా సార్ అంతే. తిట్టాల్సిన చోట వక్కపలుకు నమిలేవాడు.

అలా వచ్చాం దోనెలో. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. కిక్కిస గడ్డి వంగి మళ్ళీ లేచేది. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద కూర్చుని, మా దోనె వస్తుంటే పెద్దమనుషుల్లా మెల్లగా పక్కకి జరిగేవి. అత్త గెడ వేస్తూ వేస్తూ తన పెళ్ళి కబుర్లు చెప్పింది. పెళ్ళికొడుకు ఇలాంటి దోనెలోనే వచ్చాడట, దిగేటప్పుడు జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాడట, పీటల మీద కూడా కాళ్ళకి బురద ఉందట. చెప్పి తనే నవ్వుకుంది. అంత భయంలోనూ ఆ మాటలు నన్ను తేలిక చేశాయి. ఇప్పుడు ఆ చెరువుల్లో ఒక్కో డబ్బాలో ఒక్కో సిమ్ కార్డు పెట్టేశారు, చెయ్యీ చెయ్యీ పట్టుకునే పనే లేదు. మంచిదే. కానీ దోనెలో డబ్బా మోసిన అమ్మాయి మళ్ళీ ఉండదు కదా అనిపిస్తుంది.

షెడ్డులో డబ్బాని బల్ల మీద పెట్టి, పొడి గుడ్డతో తుడిచి, తీగ తగిలించాను. గీత నిండడం మొదలైంది. అత్తని కూర్చోమంటే కూర్చోలేదు, టీ ఇస్తానంటే వద్దంది. ఇమేజ్ దిగి అరలోకి రాసుకోవడం మొదలవగానే లైటు ఎర్రగా కొట్టుకోసాగింది. అత్త గోడ వైపు తిరిగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నేను ముట్టుకోను" అంది గోడతో. "ఇల్లు తగలబడినా ముట్టుకోను. అయిపోయాక చెప్పు."

లైటు పచ్చబడ్డాక కూడా నేను వెంటనే చెప్పలేదు. రెండు అరలూ చూశాను. కొత్తది నిండుగా ఉంది, పాతది దాని పక్కన భద్రంగా ఉంది. అప్పుడు వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

తిరిగి వెళ్ళేసరికి వెలుతురు మందగించింది. పెదనాన్న గట్టు మీద లేడు. చెరువులో, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తల వంచి, చెవి నీటికి దగ్గరగా పెట్టి, కదలకుండా. చేప పైకొచ్చి గాలి మింగితే చిన్న చప్పుడవుతుంది, దానికోసం. మేం వెళ్ళినప్పటి నుంచీ అలాగే ఉన్నాడట. వేళ్ళు నాని ముడతలు పడిపోయాయి.

"ఇంకా ఏం లేదమ్మా, బాగానే ఉన్నాయి" అన్నాడు, మా మాటలు వినపడిన వైపు తిరిగి.

స్తంభం ఎక్కాను. ఇనప మెట్లు తడిసి జారుతున్నాయి. డబ్బా బిగించి స్విచ్చి వేశాను. అత్త కింద నుంచి, ఎరుపా పచ్చా, ఎరుపా పచ్చా అని అడుగుతూనే ఉంది. పచ్చే అత్తా అన్నాను. కాసేపటికి పెదనాన్న ఫోనులో మీటరు లెక్క కనిపించింది. ఆయన అడగకుండానే చదివి చెప్పాను. ఆయన పొడి పంచె కట్టుకుని, ఫోనుని తుడిచి బొడ్లో దోపుకున్నాడు.

ఆ తెల్లవారుజామున సైరన్ మోగిందట. అత్త ఇంజను వేసిందట, డీజిలు సరిపోయిందట. వెలుతురు రాకముందే ఫోను చేసి చెప్పింది. అంతా చెప్పి పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు. ఏంటత్తా అన్నాను. రాత్రంతా అనుకున్నానమ్మాయ్, ఒక డబ్బా ఆగిపోతే ఎంత పనైందో చూశావుగా, మనిషి కళ్ళు అలా వదిలేస్తే ఎలా అంది. పట్టుబడి దాకా ఆగుతానంటున్నాడు, ఆపరేషను కాకపోయినా ముందు చూపించుకు రావాలి, గట్టు మీద వాళ్ళని తోడడిగితే సాయంత్రానికి రైతుగారికి తెలిసిపోద్ది, నువ్వైతే ఎవరూ అనుమానించరు అంది.

సార్‌కి కడుపునొప్పని చెప్పి సెలవు పెట్టాను. నేను వెళ్ళేసరికి అత్త ఆయనకి ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, స్కూటీ ఆగే చోట తెచ్చి నిలబెట్టింది. పెదనాన్న వినపడీ వినపడనట్టు గొణుగుతూనే ఉన్నాడు, ఈవేళ మేత వెయ్యాలి, రేపెళ్దాం అని. ఆవిడ వినిపించుకోకుండా ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని తన బొడ్లో దోపుకుంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక సీటు మీద కూర్చోబెట్టి, కాళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించి, బండిని ఏలూరులో కంటి ఆసుపత్రి వైపు పోనిచ్చాను.